పేపర్ ప్లేటులో మూడు చిల్లులు

పద్మనాభం దగ్గర తుపాకీ కొనడం కన్నా కాన్సులేట్‌లో వీసా తెచ్చుకోవడం తేలిక అనేవారు ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు. అన్నవాళ్ళలో ముప్పాతిక మంది జన్మలో తుపాకీ ముట్టుకోనివాళ్ళే. అయినా అనడానికి ఏం పోయింది! మాట మాత్రం అబద్ధం కాదు. న్యూజెర్సీ నుంచి డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలోకి రాగానే, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో వాల్ట్ హావర్లీ అనే పెద్దాయన కొట్టుంది. గేలాలు, రబ్బరు బూట్లు, వేటగాళ్ళు వేసుకునే నారింజరంగు చొక్కాలు, వెనకగోడకి వరసగా రైఫిళ్ళు. ఆ గోడ ముందు కౌంటర్లో మెడలో కళ్ళజోడు వేలాడేసుకుని నిలబడే బక్కపల్చటి మనిషి పద్మనాభం.

నల్ల ఎలుగు వేటకి రైఫిల్ కావాలని ఎవరొచ్చినా ముందు రేటు చెప్పడు. కౌంటర్ కిందనుంచి ఒక తెల్ల పేపర్ ప్లేటు తీసి ముందు పెడతాడు. బర్త్‌డే పార్టీల్లో కేకు పెట్టి ఇస్తారే, అదే ప్లేటు. "కొట్టు వెనక వంద గజాల షూటింగ్ రేంజ్ ఉంది. ఈ ప్లేటు అక్కడ తగిలిస్తాను. మోకాలి మీద కూర్చుని మూడు కొట్టండి. మూడూ ఇందులో పడితే ఈ రైఫిల్ మీది. పడకపోతే ఇంకోటి చూద్దాం" అంటాడు. ఎలుగు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారుగా ఆ ప్లేటంతే ఉంటుంది. అది దాటి ఎక్కడ తగిలినా జంతువు చావదు, గాయంతో పారిపోతుంది.

కొందరికి ఒళ్ళు మండేది. ముప్ఫై ఏళ్ళుగా వేటాడుతున్నాం, ఈ ఇండియా ఆయనెవరు మాకు పరీక్ష పెట్టడానికి అని వాల్ట్ దగ్గర గొడవకి దిగేవారు. వాల్ట్‌కి ఒక చెవి వినపడదు. ఇలాంటప్పుడు రెండోదీ వినపడేది కాదు.

ఇంతకీ పద్మనాభానికి, తుపాకులకి సంబంధం ఏమిటంటారా? పుట్టిందేమో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, జీడితోటలూ పనసచెట్ల మధ్య. విశాఖపట్నంలో ఒక కంపెనీ కంప్యూటర్ సెక్షన్లో పదిహేనేళ్ళు పనిచేసి, వై టూ కే పుణ్యమా అని నలభై దాటాక న్యూజెర్సీలో పార్సిప్పనీ వచ్చిపడ్డాడు. 2001లో గ్రీన్ కార్డు చేతికొచ్చింది, 2002లో ఉద్యోగం చేజారింది. పాతకాలపు మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లు తప్ప తెలియని నలభై ఏడేళ్ళ వాణ్ణి ఎవడు ఇంటర్వ్యూకి పిలుస్తాడు చెప్పండి! ఈలోగా భార్య నాగమల్లేశ్వరికి నదికి ఇవతల ఆస్పత్రి ల్యాబ్‌లో పని దొరకడంతో కాపురం ఇటు మారింది. కొట్లో సరుకంతా కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి మనిషి కావాలని వాల్ట్ పేపర్లో వేయించిన ప్రకటన చూసి వెళ్ళాడు. మూడు నెలల పనే అనుకున్నారిద్దరూ. ఆ మూడు నెలలు పదమూడేళ్ళయ్యాయి.

తుపాకుల గురించి అతను నేర్చుకున్నదంతా ఆ కౌంటర్ దగ్గరే. తూటాల డబ్బాల మీద ఉన్న అక్షరం పొల్లుపోకుండా చదివేవాడు. వేట నుంచి తిరిగొచ్చినవాళ్ళని కూర్చోబెట్టి కాఫీ పోసి, ఎక్కడ కొట్టావు, ఎంత దూరం పరిగెత్తింది, గుండు అవతలికి వచ్చిందా లోపలే ముక్కలైందా అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. అలా అడిగి అడిగి నాలుగేళ్ళలో వాల్ట్‌నే సరిదిద్దేంత వాడయ్యాడు.

అతను చెప్పేది వింటే చాలా తేలిక. ఇక్కడి నల్ల ఎలుగుకి ఏనుగుల్ని కొట్టే తుపాకీ అక్కర్లేదు. నీ భుజం ఓర్చుకోగలిగే రైఫిల్ తీసుకో. పేల్చే ముందు నువ్వు దాన్ని చూసి భయపడకూడదు. థర్టీ-ఆట్-సిక్స్ రకం చాలు, అది జింకలకీ వస్తుంది. తూటా దగ్గర మాత్రం కక్కుర్తి పడకు. దాని ఒంటి మీద జానెడు బొచ్చు, బొచ్చు కింద కొవ్వు, కొవ్వు కింద గట్టి ఎముక. తేలికపాటి గుండు వేగంగా పోతుంది కానీ ఎముక తగలగానే పొడైపోతుంది. నూట ఎనభై గ్రెయిన్ల బరువున్న గట్టి గుండయితే ఇటునుంచి అటు దూసుకుపోతుంది. అటువైపు చిల్లు పడకపోతే నెత్తురంతా బొచ్చే పీల్చేసుకుంటుంది, నేల మీద జాడ దొరకదు. జాడ దొరకకపోతే ఆ జంతువు ఏ పొదలో పడుందో దేవుడికే తెలియాలి.

ఆ చివరి మాట దగ్గర మాత్రం అతని గొంతు కొంచెం మారేది. ఎవరూ పట్టించుకోలేదు.

ఇన్ని రైఫిళ్ళు అమ్మినవాడికి సొంతానికి ఒక్కటి లేదు. వేట లైసెన్సూ లేదు. "తుపాకుల పద్మనాభం గారు వేట ఎందుకు చేయరో!" అని తెలుగు అసోసియేషన్ భోజనాల దగ్గర వేళాకోళం చేసేవారు. నవ్వేసి ప్లేటు పట్టుకుని పక్కకి వెళ్ళిపోయేవాడు. అసలు సంగతి పెళ్ళానికి కూడా చెప్పలేదు. నేను చెబుతాను వినండి.

అతనికి పందొమ్మిదేళ్ళప్పుడు, వేసవి సెలవలకి కాలేజీ నుంచి ఊరొచ్చాడు. పనసపళ్ళు పండే కాలం, ఎలుగులు తోటల మీద పడే కాలం. పక్కతోట ఈశ్వరయ్యకి నాటు తుపాకీ ఒకటుండేది. గొట్టంలో మందు పోసి, కొబ్బరిపీచు కూరి, పైన గుళ్ళు వేసి దట్టించాలి. ఈశ్వరయ్యకి చూపు తగ్గింది, అందుకని సెలవల్లో అది నింపే పని పద్మనాభానిదే. ఒక సాయంత్రం పనసచెట్టు కింద ఎలుగు తిరుగుతోందని కబురొచ్చింది. పదిమంది పోగయ్యారు. వాళ్ళ ముందు ఈశ్వరయ్య మీసం దువ్వుతూ, "ఏరా, నింపీ తొరగా" అన్నాడు. పద్మనాభం సంచీలో చెయ్యి పెట్టాడు. పెద్ద గుళ్ళు ఒక్కటీ లేవు. పిట్టల్ని కొట్టే సన్న రవ్వలే ఉన్నాయి.

లేవని ఒక్క మాట చెబితే అయిపోను. చెప్పలేకపోయాడు. పెద్దాయన, పైగా వరసకి మావ, అందరి ముందూ గొప్పగా నిలబడున్నాడు. ఇప్పుడు గుళ్ళు లేవంటే ఆయన మొహం ఏం కావాలి? ఆ మొహమాటం కొద్దీ రవ్వలే దట్టించి చేతికిచ్చాడు. ఈశ్వరయ్య పేల్చాడు. ఎలుగు అరుస్తూ జీడితోటలోకి పోయింది. తగిలిందిరా తగిలిందని అందరూ ఈశ్వరయ్య భుజం తట్టారు.

తెల్లారి పద్మనాభం తండ్రి సింహాచలం జీడిపిక్కలు ఏరడానికి అదే తోటలోకి వెళ్ళాడు. గాయపడ్డ ఎలుగు అక్కడే ఉంది. మనుషులు కర్రలతో పరిగెత్తుకొచ్చి దాన్ని చంపి ఆయన్ని బయటికి లాగేసరికి ఒక కన్ను, సగం బుగ్గ లేవు. ఆ తరవాత పందొమ్మిదేళ్ళు బతికాడు. బతికినన్నాళ్ళూ తువ్వాలు మొహానికి అడ్డంగా చుట్టుకునే తిరిగాడు. అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేవాడు, నోట్లోంచి మెతుకులు జారడం ఎవరూ చూడకూడదని. కన్నకొడుకు ఎదురుగా కూడా ఆయన ఒక్కసారి ఇటు తిరిగి తినలేదు.

పద్మనాభం ఆ రవ్వల సంగతి తండ్రికి చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే తొంభై మూడులో ఆయన పోయాడు.

అందుకయ్యా ఆ పేపర్ ప్లేటు!

ఇక 2009 నవంబర్ సంగతికి వద్దాం. థాంక్స్‌గివింగ్ వారం సోమవారం ఎలుగుల సీజన్ మొదలు, మూడే మూడు రోజులు. ముందురోజు ఆదివారం కొట్లో కాలు పెట్టే చోటు లేదు. ఆ రద్దీలో ఒక ముప్ఫై ఏళ్ళ తెలుగబ్బాయి కౌంటర్ దగ్గరికొచ్చాడు. పేరు దివాకర్. ఆఫీసు పార్సిప్పనీలో, ఇల్లు ఇటువైపు స్ట్రౌడ్స్‌బర్గ్‌లో. గ్రీన్ కార్డు ఆ వేసవిలోనే వచ్చింది. మేనేజరూ ఇంకో ఇద్దరూ ఏటా ఎలుగు వేటకి వెళతారట, ఈసారి ఇతన్నీ రమ్మన్నారట. లైసెన్స్ తీసుకున్నాడు, నారింజ చొక్కా కొన్నాడు, కావలసిందల్లా రైఫిల్.

"అంకుల్, త్రీ హండ్రెడ్ మాగ్నమ్ కావాలి. లైట్ వెయిట్‌ది. వీడియోల్లో చూశాను, బేర్‌కి అదే బెస్ట్ అట. బుల్లెట్స్ వన్ ఫిఫ్టీ గ్రెయిన్, ఫాస్ట్‌గా వెళ్ళేవి" అన్నాడు.

మాగ్నమ్ తూటాలో అసలే మందు ఎక్కువ, పైగా తుపాకీ ఎంత తేలికైతే భుజాన్ని అంత గట్టిగా తంతుంది. గుండు తేలికది, జింకలకి పనికొచ్చేది. రెండూ తప్పే. పద్మనాభం చెయ్యి అలవాటుగా కౌంటర్ కిందికి వెళ్ళింది. "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాడు మాటవరసకి.

"పలాస దగ్గర అంకుల్. మీకు తెలీదులెండి, చిన్న ఊరు. మందస అవతల."

"మందస అవతలా? ఏటి, ఉద్దానమేటి!"

దివాకర్ కళ్ళు పెద్దవయ్యాయి. "ఓరి బాబో! మీదీ అటేనా? మరి చెప్పరేటి బాబాయ్!"

అంతే. పన్నెండేళ్ళుగా ఆ దేశంలో పద్మనాభాన్ని ఆ యాసలో బాబాయ్ అని పిలిచినవాడు లేడు. అంకుల్ అన్నవాళ్ళు కోకొల్లలు. ఈ పిలుపు చెవిన పడగానే మనిషి లోపల ఏదో కరిగిపోయింది. ఊళ్ళ పేర్లు, తోటల పేర్లు, ఎవరి మేనత్త ఎవరి వదిన అంటూ పది నిమిషాలు గడిచాయి. వెనక మనుషులు వరస కడుతున్నారు. పద్మనాభం ప్లేటు పైకి తీశాడు, కానీ పూర్తిగా కౌంటర్ మీద పెట్టలేదు.

"వెనక రేంజ్ ఉంది నాన్నా. ఓసారి మూడు కొట్టి చూస్తే..."

"టైమ్ లేదు బాబాయ్, అవతల మావాళ్ళు కార్‌లో వెయిటింగ్. ఇచ్చీ బాబాయ్. నా మీద నమ్మకం లేదేటి?"

నవ్వుతూనే అన్నాడు పాపం. నమ్మకం లేదని పద్మనాభం ఎలా అంటాడు? గుండు మార్చుకో అని చెబుదామని నోరు తెరిచి, కుర్రాడి ఉత్సాహం చూసి మళ్ళీ మూసుకున్నాడు. కాగితాలు పూర్తయ్యాయి, ఫోన్‌లో పోలీసుల అనుమతి వచ్చింది. మాగ్నమ్ రైఫిలూ, జింకల తూటాలూ చేతికిచ్చి పంపాడు. ప్లేటు మళ్ళీ కౌంటర్ కింద పెట్టేశాడు. చచ్చేంత సిగ్గేసింది, అయినా వెనక్కి పిలవలేదు. ఏడేళ్ళలో పరీక్ష లేకుండా ఎలుగుకి రైఫిల్ అమ్మడం అదే మొదటిసారి.

సోమవారం పొద్దున్న పదింటికి ఫోన్ మోగింది.

"బాబాయ్, కొట్టాను. తగిలింది. కానీ పడలేదు, పరిగెత్తేసింది. అరగంట నించీ వెతుకుతున్నాం, బ్లడ్ కూడా కనిపించట్లేదు. ఇక్కడ కింద రోడ్డు పక్కన ఇళ్ళున్నాయి, జనం కుక్కల్ని తీసుకుని వాకింగ్‌కి వస్తారట. నాకు భయంగా ఉంది బాబాయ్."

పద్మనాభానికి ముప్ఫై అయిదేళ్ళ కిందటి జీడితోట కళ్ళ ముందుకొచ్చింది. ఇవాళ దొరక్కపోతే, రేపు తెల్లారి ఎవరో ఒక పెద్దాయన కుక్కతో ఆ దారిన వస్తాడు. పొద లోంచి అది లేస్తుంది. ఆ మనిషికీ ఓ కొడుకుంటాడు.

"లోపలికి ఎవ్వర్నీ వెళ్ళనీకు. తరిమితే ఇంకా దూరం పోతుంది. మీవాళ్ళని రోడ్డు దగ్గర నిలబెట్టి, వచ్చేవాళ్ళని ఆపమను. నువ్వు ఆ రైఫిల్ పట్టుకుని ఇక్కడికి వచ్చీ" అన్నాడు.

దివాకర్ ఇరవై నిమిషాల్లో వచ్చాడు. పద్మనాభం అతన్ని కొట్టు వెనక్కి నడిపించాడు. వంద గజాల దూరంలో ప్లేటు అప్పటికే తగిలించి ఉంది. "కూర్చో. కొట్టు" అన్నాడు. మాగ్నమ్ పేలింది. గుండు ప్లేటు దరిదాపుల్లో లేదు. రెండోసారి రైఫిల్ తనే తీసుకుని, తూటా ఎక్కించే బోల్ట్ లాగి, చేతికిచ్చాడు. దివాకర్ గురి చూసి నొక్కాడు. టక్కుమంది, పేలలేదు. లోపల తూటా లేదు మరి, పద్మనాభం కావాలనే వేయలేదు! పేలకపోయినా గొట్టం మాత్రం కిందికీ పక్కకీ ఎగిరిపడింది, దివాకర్ కళ్ళు గట్టిగా మూసుకునున్నాయి.

"చూశావా? అది పేలక ముందే నువ్వు దడుచుకుంటున్నావు. పొద్దున్న గుండు ఎందుకు పక్కకి పోయిందో తెలిసిందా?"

"మరి నిన్న చెప్పలేదేటి బాబాయ్?"

పద్మనాభం తల దించుకున్నాడు. "చెప్పాలి. చెప్పలేదు. తప్పు నాది" అన్నాడు.

వాల్ట్ అంతదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఎవరూ అడక్కుండానే లోపలికెళ్ళి తన పాత థర్టీ-ఆట్-సిక్స్ పట్టుకొచ్చాడు. చెక్కంతా గీతలు పడి, ఇనప భాగాలు అరిగి తెల్లబడ్డ రైఫిల్. నూట ఎనభై గ్రెయిన్ల తూటాల డబ్బా పద్మనాభం చేతిలో పెట్టి, "వెలుతురు ఉండగానే వెళ్ళండి" అన్నాడు.

ఈసారి దివాకర్ ఆ రైఫిల్ పట్టుకుని మోకాలి మీద కూర్చున్నాడు. పద్మనాభం పక్కన మోకరిల్లి, ఊపిరి సగం వదిలి ఆపమన్నాడు, నొక్కేది ఎప్పుడో నీకే తెలియకూడదన్నాడు. మొదటిది ప్లేటు అంచున పడింది. రెండోది, మూడోది లోపలికి వచ్చాయి. అంత తొందరలోనూ పద్మనాభం నడిచి వెళ్ళి ఆ మూడు చిల్లులూ వేలితో తడిమి చూసి గానీ కార్ ఎక్కలేదు.

పన్నెండు కావస్తుండగా అడవిలోకి దిగారు. లైసెన్స్ ఉన్నది దివాకర్‌కి, అందుకని రైఫిల్ అతని చేతిలో ఉంది. పద్మనాభం ఒంటిమీద నారింజ చొక్కా తప్ప చేతిలో ఏమీ లేదు. పొద్దున్న గుండు తగిలినప్పుడు ఎలుగు నిలబడ్డచోట ఓక్ ఆకుల మీద ఒక తెల్లటి ఎముక ముక్క, నాలుగు నల్లటి వెంట్రుకలు దొరికాయి. నెత్తురు లేదు. పద్మనాభం నేల మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి ఒక్కో ఆకే తిరగేస్తూ పోయాడు. పాతిక గజాలకి ఒక చుక్క. ఇంకో నలభై గజాలకి, రాయి మీద వేలిముద్రంత మరక. నడుములు పడిపోతున్నా లేవలేదు. రెండు గంటలు పట్టింది.

కొండ వాలులో, లారెల్ పొదలు గుబురుగా ఉన్నచోట ఊపిరి శబ్దం వినిపించింది. తడిగా, బరువుగా ఉంది. ఉద్దానం ఎలుగయితే ఈపాటికి మీద పడి ఉండేది. పద్మనాభం దివాకర్ భుజం మీద చెయ్యేసి ఆపాడు. ఇద్దరూ వంగి చూశారు.

ముప్ఫై అడుగుల దూరంలో అది కూర్చునుంది. మీదికి రాలేదు, అరవలేదు. వీళ్ళ అలికిడి విని కూడా ఇటు తిరగలేదు. పెద్ద బండరాయి ఒకటుంటే, దాని వైపు మొహం పెట్టుకుని, వీపు ఇటు చేసి కూర్చునుంది.

గోడవైపు తిరిగి కంచం ముందు కూర్చున్న మనిషి తప్ప అక్కడ ఇంకేమీ కనిపించలేదు పద్మనాభానికి.

"బాబాయ్, నావల్ల కాదు. నువ్వు కొట్టు" అన్నాడు దివాకర్.

"నాకు లైసెన్స్ లేదు. దాన్నలా చేసింది నీ గుండు, అమ్మింది నేను. పక్కకి రా. భుజం వెనకాల కనబడుతోందా? ప్లేటు ఉందనుకో. ఊపిరి వదులు."

రైఫిల్ పేలింది. ఎలుగు పక్కకి ఒరిగింది, మళ్ళీ కదల్లేదు.

పద్మనాభం దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు చేతులతో దాని తల పట్టుకుని బండ వైపు నుంచి ఇటు తిప్పాడు. పొద్దుటి గుండు దవడకి తగిలి పొడైంది. ఒక పక్క బుగ్గ మొత్తం లేదు. తండ్రికి పోయిన అదే పక్క. అదే బుగ్గ.

"నాన్నా, ఆ రవ్వలు నేనే వేసినాను. పెద్ద గుళ్ళు లేవని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు" అన్నాడు పైకే. ఆ తరవాత దాని బొచ్చులో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. దివాకర్‌కి ఏమీ అర్థం కాలేదు, కానీ టోపీ తీసి నిలబడ్డాడు. ఏడుపు ఆగాక అడిగితే పద్మనాభం అంతా చెప్పాడు, ఈశ్వరయ్య సంచీ దగ్గర్నుంచి తువ్వాలు దాకా. పుట్టి బుద్ధెరిగాక ఆ కథ నోటితో చెప్పడం అదే మొదలు.

రోడ్డు దగ్గరున్న మేనేజర్‌వాళ్ళనీ పిలిచి, అయిదుగురూ కలిసి దాన్ని రోడ్డు మీదికి లాగి, వేటశాఖ వాళ్ళ చెక్ స్టేషన్‌లో చూపించి, పద్మనాభం ఇల్లు చేరేసరికి పొద్దు గుంకుతోంది. నాగమల్లేశ్వరి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి టీ పెడుతోంది. చొక్కా నిండా నెత్తురు చూసి కంగారుపడింది. అతను కుర్చీలో కూర్చుని, "ఒక మాట చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో చెప్పవలసింది" అంటూ మొదలుపెట్టాడు.

ఆవిడ స్టవ్ ఆపేసి, చివరిదాకా అడ్డురాకుండా వింది. అంతా అయ్యాక ఆశ్చర్యపోలేదు. అదే అతనికి వింతగా తోచింది.

"నాకు తెలుసండీ" అంది.

"ఏటి తెలుసు?"

"మావయ్యగారు పోయే ముందు నెల. నేను జావ తాగిస్తున్నాను. ఎప్పుడూ గోడవైపే తిరిగేవారు కదా, ఆ రోజు నా వైపు తిరిగారు. 'ఆ ఎలుగు మొహం నా మొహానికి జానెడు దూరంల ఉందమ్మా. నిండా పిట్ట రవ్వలే. ఈశ్వరయ్య తుపాకీ నింపేది ఎవుడో నాకు తెల్దేటి? ఆడితో అనకు. గుంటడు తట్టుకోలేడు' అన్నారు."

పందొమ్మిదేళ్ళు ఆయనకి తెలుసు. కొడుకు చెబుతాడేమోనని ఆయన, తండ్రి అడుగుతాడేమోనని ఇతను, ఒకే ఇంట్లో ఒకరి ఎదుట ఒకరు.

"నువ్వైనా చెప్పలేదేం మల్లేశ్వరీ, ఇన్నేళ్ళూ?"

"ఎలా చెప్పనండీ? ఆయనేమో వద్దన్నారు. మీరేమో నోరు విప్పరు. నాకూ మొహమాటమే కదా!" అంది ఆవిడ. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అతని పక్కనే కింద కూలబడి ఏడ్చింది.